కైఫీయతులు చెప్పని కాపురము

ముద్దనూరు రైలు స్టేషనులో దిగి జమ్మలమడుగు త్రోవ పట్టువారిలో రెండు తెగలవారు కానవచ్చుచుందురు. గండికోటయు, పెన్న లోయయు చూచి మరునాడే మరలిపోవువారు మొదటి తెగవారు. తాతలనాటి యిల్లు బాగుచేసికొని, ఉద్యోగము చాలించిన పిమ్మట అక్కడనే కాపురముండవలెనని పెట్టెబేడలతో వచ్చువారు రెండవ తెగవారు. మొదటివారికి చరిత్రము వేడుక. రెండవవారికి అది హక్కు. వచ్చిన వారము దినములలోనే వారి నోట ఒక మాట వినబడును: "మేము క్రొత్తవారము కాము, ఈ ఊరు కట్టినది మా పూర్వులే." ఇట్టి మాటకు సాక్ష్యము కావలసివచ్చినప్పుడు మన సీమవారు చూపు వాఙ్మయము కైఫీయతులు. వానిని దస్తావేజులుగా చదివినవారు పలువురు గలరు. సాహిత్యముగా చదివి, అవి చెప్పినదేమో, చెప్పక విడిచినదేమో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

కైఫీయతు అనగా స్థితిగతుల నివేదనము. 1800లో నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. పిదప ఈ దేశమును కొలిపించిన కాలిన్ మెకంజీ భూమి కొలతతో తృప్తినొందక, ఊరూర గల కథలను, శాసనములను, లెక్కలను సేకరింపజేసెను. కావలి లక్ష్మయ్య, రామస్వామి సోదరులును, వారివెంట పనిచేసిన గుమాస్తాలును కరణముల దండకవిలెలు విప్పించి, పెద్దలచే చెప్పించి వ్రాసికొనిరి. మెకంజీ 1821లో గతించెను. అంతకు ముందటి యేడే కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అనంతరకాలమున ఆ పత్రములు శిథిలము కాకుండ ప్రతులు వ్రాయించెను. కడపలో ఆయన నివసించిన చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయమును, పరిశోధన కేంద్రమును గలవు. కట్టా నరసింహులుగారి పరిష్కరణమున కడప జిల్లా కైఫీయతులు అచ్చునకు వచ్చుటచే, ఒకప్పుడు పండితులకే దక్కిన యీ వచనము నేడు ఇంటింట చదువుకొనుటకు వీలైనది.

ఈ వచనమును తక్కువగా చూచుట తగదు. ఫసలీ, జమాబందీ, ఇనాము, మిరాసి వంటి పారసీక పదములు దీనిలో అడుగడుగున తగులును. "గనుక", "అయినందున" అను మాటలతో వాక్యములు గొలుసుకట్టుగా సాగును. వ్యాకరణము చేతబట్టి చదువువారికి ఇది కంటగింపు కావచ్చును. కాని కరణము తన యెదుట కూర్చున్న గుమాస్తాకు చెప్పిన తీరు, ఆ చెప్పుటలోని తడబాటు, ఒకచోట గర్వము, మరియొకచోట భయము, ఇవన్నియు ఈ వాక్యములలో నిలిచియున్నవి. కావ్యముల వచనము సభకొఱకు అలంకరించుకొని వచ్చినది. ఇది పనిబట్టలతోనే వచ్చినది. ఆ నిరాడంబరతయే దీని మేలు.

ఇక విషయమునకు వత్తము. ఈ సీమ కైఫీయతులను పది వరుసగా చదివినవారికి ఒక పోలిక తోపకమానదు. పూర్వమిది అడవి, ముక్కంటి కాడువెట్టి వంటి రాజు ఆ యడవి కొట్టించెను, ఎచ్చటనుండియో కొందరు వచ్చి పల్లె కట్టిరి, గుడి వెలసెను, చెఱువు తెగెను, దండు వచ్చి ఊరు పాడుపడెను, మరల ఎవ్వరో కౌలు పొంది వచ్చి నిలిపిరి. గండికోట మాటయు ఇట్టిదే. బొమ్మనపల్లె ప్రభువైన కాకరాజు 1123లో దానిని కట్టించెనని స్థానిక కథనము. తరువాత విజయనగర రాయల కాలమున పెమ్మసానివారు ఏలిరి. పదునేడవ శతాబ్ది నడుమ మీర్ జుమ్లా కోటను గైకొనెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అతనిని దర్శించెను. మాధవరాయని గుడియు, జుమ్మా మసీదును నేడును ఒకే కోటలోపల నిలిచి, వచ్చినవారెల్లరును ఒకప్పుడు క్రొత్తవారే యని చెప్పుచున్నవి.

పూర్వికుల గొప్పకు సాక్ష్యముగా తెచ్చుకొన్న గ్రంథమే ఆ గొప్పను చల్లగా త్రోసిపుచ్చుచున్నదని నా వాదము. ఊరు కట్టినవాడనగా ఆ ఊరికి మొదట పరాయివాడై వచ్చినవాడని యర్థము. ముందు వచ్చినవాని మనుమడు, వెనుక వచ్చినవానిని "నీవెవ్వడవు?" అని ప్రశ్నించుటకు కైఫీయతులో ఆధారము లేదు. ముద్దనూరికి దగ్గరలోనే గల కలమళ్ళ శాసనమును తలచుకొందము. రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలమున, సుమారు 575లో, వెలసిన యీ శాసనము తెలుగున మనకు దొరికిన శాసనములలో మొదటిదని పండితుల నిర్ణయము. ఆ కొద్ది పంక్తులలోనే ఒక మనిషి చిఱుంబూరివాడని తన ఊరి పేరుతో చెప్పబడినాడు. మన భాష రాతిపై నోరు విప్పిన తొలినాళ్ళలోనే "ఏ ఊరివాడు?" అను ప్రశ్న దానితోడ పుట్టినది. అయితే తన ఊరు దాటి వచ్చినవానికే ఊరిపేరు తోడుగా చెప్పవలసిన పని కలుగును. ఊరిలోనివానికి ఒట్టి పేరు చాలును గదా!

ఇక కైఫీయతులు చెప్పని మాట. బావి ఎవరు త్రవ్వించిరో అందు గలదు. నీరెవరు తోడిరో లేదు. దేవునికి నైవేద్యపు మాన్యమెవరిచ్చిరో గలదు. వంట ఎవరు వండిరో లేదు. తలారి, కమ్మరి, వడ్రంగి, మంగలి మొదలగువారి ఇనాములైనను లెక్కకు వచ్చినవి. మాలమాదిగల రెక్కల కష్టము వెట్టిచాకిరిలో కలిసిపోయినది. స్త్రీయో, దానమిచ్చిన రాణియైననే తప్ప, కానరాదు. అడవి కొట్టి పల్లె కట్టిన ఆ మొదటి కాపురమున పొయ్యి రాజేసినది ఏ ఊరి ఆడుబిడ్డ? పుట్టింటి పేరు విడిచి వచ్చి, ఈ కరవు నేలలో కడవతో దూరము నడిచి, బిడ్డలను సాకి, ఊరిని ఊరుగా నిలిపినది ఆమెయే కదా. మగవానికి పూర్వికుల ఊరైనది కోడలికి ఎల్లప్పుడును క్రొత్త ఊరే. తాతల యింటికి మరలి వచ్చితిమని సంతసించు గృహస్థుడు, తన భార్య మరలి రాలేదనియు, మరియొకమారు అత్తవారింటికి వచ్చినదనియు తలచునా?

పన్ను లెక్కకై వ్రాసిన పత్రములలో గృహిణి కథ వెదకుట న్యాయమా యని కొందరనవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కరణము తన్నడిగినదానికే బదులు చెప్పినాడు. అతనిపై తప్పు లేదు. యాత్రికుని చూపును పరిమితమే. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి కడప మీదుగా కాశికి సాగిన ఏనుగుల వీరాస్వామయ్యగారు దిగుటకు చోటు, నీటి వసతి, సరకుల ధర గుర్తించి వ్రాసిరి. వారికి కావలసినది అది. తప్పు మనది. రెండు శతాబ్దములు గడచిన పిదపను మనము అచ్చువేసికొను వంశచరిత్రములు కరణము కొలబద్దనే పట్టుకొని వచ్చుచున్నవి. తండ్రి, కొడుకు, మనుమడు అని కొమ్మలు సాగుచుండును. తల్లులు "భార్య" యను మాట వెనుక మాయమగుదురు. ఈ జిల్లాలోనే గోపవరముదిగా పరంపర చెప్పు మొల్ల, తన రామాయణ పీఠికలో గోపవరపు శ్రీకంఠ మల్లేశ్వరుని వరమున కవిత్వము చెప్పితినని తానే వ్రాసికొన్నది. తన ఊరి దేవుని, తన తండ్రిని తన నోటనే పేర్కొన్న స్త్రీ యామె. అట్టి గొంతుక ఎంత అరుదో, ఆమె నొక్కతెనే మనము మాటిమాటికి ఉదాహరింపవలసి వచ్చుటయే చెప్పుచున్నది.

ఇది గతమును గుఱించిన వాదము మాత్రమే కాదు. ముద్దనూరి పొరుగుననే కొండాపురము మండలమున, గండికోట జలాశయములో నీరు నిలుపుటకై పల్లెలు ఖాళీ చేయింపబడినవి. ఇరువదియారు టి.ఎం.సి.లకు మించిన నీరు పట్టు జలాశయమది. 2020లో తాళ్ళప్రొద్దుటూరి యిండ్లలోనికి నీరు వచ్చెను. కరవు సీమకు నీరు వలసినదే. దానిని కాదనుట నా తలంపు గాదు. కాని అచ్చటి కుటుంబములు పూర్వికుల ఊరు నీటిపాలు చేసికొని, పునరావాస కాలనీలలో మొదటి తరమువారై కాపురములు పెట్టినవి. వారిని గుఱించి వ్రాయబడు కైఫీయతు ఏది? పరిహారపు లెక్కలలో ఇల్లు చేరును, పొలము చేరును, చెట్టు చేరును. సాయంకాలము అరుగుమీద కూర్చుండిన ఇరుగుపొరుగు చేరదు. పురిటినాడు పిలువకనే వచ్చిన పొరుగింటి యవ్వ చేరదు. ఈ నష్టమును వ్రాయవలసినవారు గుమాస్తాలు కారు, ఆ యిండ్లలోని చదువుకొన్న బిడ్డలు.

కావున పూర్వికుల ఊరికి వచ్చి నిలువదలచిన గృహస్థులకు నా మనవి యొకటి. కైఫీయతులను తప్పక చదువుడు, గర్వము కొఱకు గాక, మన తాతలును ఒకనాడు మూట దించుకొని "ఇచ్చట నీరున్నదా?" అని అడిగినవారేయని తెలిసికొనుటకు చదువుడు. పిదప ఒక పుస్తకము తెచ్చి మీ యింటి కైఫీయతు మీరే వ్రాయుడు. మీ యింట బ్రతికియున్న పెద్ద ముత్తైదువనో, వితంతువునో పిలిచి మొదటి పుట ఆమెచే చెప్పింపుడు. ఆమె పేరేమి, ఏ ఊరినుండి వచ్చినది, వచ్చిననాడు ఈ యింట నీరు ఎచ్చటనుండి తెచ్చుకొన్నది, ఆమెకు ఆ దారి చూపినది ఎవరు. ఆ చూపినది ఏ కులపు స్త్రీయైనను ఆమె పేరును వ్రాయుడు. ఊరు కట్టినవారి పేర్లలో ఆ పేర్లు రెండును చేరవలసినవే.