స్థితి సందేశాలు ఎప్పుడు చూపాలి? – విమర్శనాత్మక పరిశీలన

5.4.1 పరిచయం

మీరు ఆన్‌లైన్‌లో పరీక్ష ఫీజు కడుతున్నారనుకోండి. బటన్ నొక్కారు, తెర కదల్లేదు. మళ్ళీ నొక్కితే రెండుసార్లు కట్టినట్లవుతుందేమో. ఊరుకుంటే గడువు దాటిపోవచ్చు. సాఫ్ట్‌వేర్ తాను చేస్తున్న పని ఎంతవరకు వచ్చిందో వినియోగదారుకు తెలపడాన్ని ‘స్థితి సందేశం’ అంటాం. అది ఎప్పుడు అవసరమో, ఎప్పుడు అనవసరమో ఇక్కడ పరిశీలిద్దాం.

5.4.2 నీల్సన్ సూత్రం

జాకబ్ నీల్సన్ 1994లో రూపొందించిన పది సూత్రాల్లో మొదటిది ఈ విషయానికి సంబంధించినదే: వ్యవస్థలో ఏం జరుగుతోందో వినియోగదారుకు సకాలంలో తెలుస్తూ ఉండాలి. అంతకుముందు 1993లో వెలువడిన గ్రంథంలో ఆయన మూడు కాలపరిమితులను వివరించారు. 0.1 సెకనులో ఫలితం కనిపిస్తే వేరే సందేశం అక్కర్లేదు. 1 సెకను వరకు ఆలస్యం తెలిసినా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే దృష్టి మరలుతుంది కాబట్టి పని ఎంత అయిందో చూపాలి.

ఈ లెక్క ఉపయోగకరమే. కాని ఇది ‘ఎంతసేపటికి చెప్పాలి’ అన్నదానికే జవాబు. ‘ఏం చెప్పాలి’ అన్నది తేల్చదు. ఫీజు కట్టేవారికి తెరపై తిరిగే చక్రాన్ని చూపినంతమాత్రాన సందేహం తీరదు.

5.4.3 యూనిక్స్ మౌనం

యూనిక్స్‌లో ‘సీపీ’ ఆదేశంతో ఫైలును కాపీ చేస్తే, పని సఫలమైనప్పుడు తెరపై ఏమీ కనిపించదు. విఫలమైతేనే దోష సందేశం వస్తుంది. ఒక ఆదేశం ఫలితాన్ని మరొక ఆదేశానికి అందించే వ్యవస్థలో అదనపు వాక్యాలు అడ్డే. కాబట్టి ఈ పద్ధతి సమంజసమే. అయితే పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు పని సాగుతోందో, ఆగిందో ఈ మౌనాన్ని బట్టి అనుభవజ్ఞులు కూడా చెప్పలేరు.

5.4.4 వాట్సాప్ టిక్కులు

గడియారం గుర్తు ఉంటే సందేశం ఇంకా వెళ్ళలేదని, ఒక టిక్కు ఉంటే వెళ్ళిందని, రెండుంటే అవతలి ఫోనుకు చేరిందని అర్థం. మన పనికి అడ్డురాకుండా, సందేశం పక్కనే చిన్న గుర్తుతో చెప్పడం మెచ్చదగినది. ఒక టిక్కే ఉండిపోతే, తొందరైతే మనం ఫోన్ చేస్తాం.

2014 నవంబరులో వచ్చిన నీలి టిక్కుల సంగతి వేరు. అవి సందేశం ప్రయాణాన్ని కాక, అవతలి మనిషి చేసిన పనిని బయటపెడతాయి. ‘చూసి కూడా పలకలేదు’ అన్న నిష్ఠూరానికి తావిస్తాయి. వాటిని ఆపుకునే వీలు తరువాత కల్పించారు. అది మొదటి నుంచే ఉండవలసింది.

5.4.5 సారాంశం

కాలపరిమితి కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ సమాచారం తెలిస్తే వినియోగదారు తరువాత చేసే పని మారుతుందా? మారితే చెప్పాలి, లేకపోతే ఊరుకోవచ్చు. సమాచారం మరొకరికి సంబంధించినదైతే వారి అనుమతి కూడా కావాలి. ఫీజు కట్టేవారికి ‘చెల్లింపు పరిశీలనలో ఉంది, మళ్ళీ కట్టవద్దు’ అన్న ఒక్క వాక్యం చాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీరు రోజూ వాడే ఒక యాప్‌లో అవసరమైన సందేశం ఒకటి, అనవసరమైనది ఒకటి గుర్తించి, కారణాలు రాయండి.