రీలు మొత్తం కొంటేనే!

నాచారం పారిశ్రామికవాడలో విద్యుత్ వాహనాల చార్జర్లు తయారుచేసే ఓ చిన్న వర్క్‌షాపు యజమాని ఈ వారం ఒక కొటేషన్ చూపించి కాలమిస్టుకు ఒళ్లు మండేలా చేశాడు. ఆయన అడిగింది కొత్తరకం సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్లు ఓ పాతిక. డీలరు ఇస్తానన్నది టేపులో పేర్చి చుట్టిన 800 పీసుల రీలు. విడిగా అయితే ఒక్కోదానికి దాదాపు రెట్టింపు ధర, పైగా ఎప్పుడొస్తాయో చెప్పలేడట.

555 టైమర్ మీద కాలమిస్టుకున్న మోజు ఈ కాలమ్ చదివేవారికి కొత్తేమీ కాదు. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఆ ఐసీ కోఠి గుజరాతీ గల్లీలో ఇప్పటికీ చిల్లర డబ్బులకే దొరుకుతుంది. మరి కొత్త సరుక్కి ఇంత టెక్కెందుకు?

కొత్త సరుక్కి మొదట డబ్బు పెట్టేదెవరన్న ప్రశ్నతో ఉప్పల్ వైపు వస్తే కాలమిస్టు ఆలోచన ఈసీఐఎల్ దగ్గర ఆగక మానదు. అణుశక్తి శాఖ కింద 1967లో ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే పక్కనున్న ఏఎస్ రావు నగర్‌కు పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి టీడీసీ-12 కంప్యూటర్ బయటికొచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. లాభనష్టాలు మాత్రమే చూసుకునే షాపువాడెవడూ ఆ రోజుల్లో అలాంటి పనికి పెట్టుబడి పెట్టేవాడు కాదు. సర్కారు పెట్టింది.

అమెరికాలోనూ ఇదే కథ. 1958లో ఫెయిర్‌చైల్డ్ నుంచి ఐబీఎం 100 ట్రాన్సిస్టర్లు కొన్నది, ఒక్కొక్కటి 150 డాలర్లు పెట్టి! అవి బాంబర్ విమానం కంప్యూటర్ కోసం. ఆ ధరను రక్షణ ఖాతా భరించింది కాబట్టే తర్వాత రేడియోలు, టీవీలు చవకయ్యాయి. సిలికాన్ కార్బైడ్‌దీ అదే దారి: క్రీ కంపెనీ 2011లో తన తొలి మాస్‌ఫెట్‌ను అమ్మకానికి పెడితే, టెస్లా మోడల్ 3 లాంటి కార్లు వచ్చాకే భారీ ఉత్పత్తి మొదలైంది.

ఇంతదూరం వచ్చాక ధర మీద కాలమిస్టు కోపం చల్లారింది. మొదటి కొనుగోలుదారు ఎక్కువ ఇవ్వాల్సిందే. అన్యాయమల్లా రీలులో ఉంది. పాతిక పీసులతో బోర్డు పరీక్షించుకోవాలనుకునేవాణ్ణి 800 కొనమనడమంటే, ప్రయోగం మానేయమనడమే.

నాచారంలోనే బీఈఎల్ ఉంది, కాస్త అవతల చర్లపల్లిలో ఈసీఐఎల్ ఉంది. వాటి స్టోర్లను అడగాల్సిన పని కూడా లేదు. నాచారం, ఉప్పల్, చర్లపల్లి పారిశ్రామికవాడల సంఘాలు కలిసి రీళ్లు తెప్పించి, తేమ తగలకుండా తిరిగి సీలు వేసి, టేపు ముక్కలుగా సభ్యులకు పంచవచ్చు. వచ్చే సమావేశం ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి.