బాయి ఊరికి బొమ్మల ఇల్లు

రామప్ప చూడటానికి వచ్చే బండ్లు భూపాలపల్లి దాకా పోవు. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ గుడి ఉన్న పాలంపేటకు తాకిడి పెరిగింది. వచ్చినవాళ్లు గుడి చూస్తారు, చెరువు చూస్తారు, తిరిగి వరంగల్ దారి పడతారు. జాతర రోజులైతే మేడారం పోతారు. రామప్ప నుంచి ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతే బొగ్గు బాయిల ఊరు ఉంటుందని, అక్కడ నిలబడి చూడాల్సింది కూడా ఏదో ఉండొచ్చని ఎవరికీ తట్టదు. తట్టకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. 'ఇక్కడేముంది సార్, దుమ్ము, టిప్పర్లు తప్ప' అనే మాట ఆ ఊళ్లోనే ముందు వినిపిస్తుంది. గని ఊరు కూలి కోసం పోయే చోటే గానీ కళ కోసం పోయే చోటు కాదన్నది మనం చర్చ లేకుండా ఒప్పేసుకున్న సంగతి. నా వాదన వేరు. గని ఊరు కళకు పేరు పొందాలంటే అందమైన పరిసరాలూ అక్కర్లేదు, కూడలిలో విగ్రహాలూ అక్కర్లేదు. తవ్వే మనుషులే పాడి, గీసి, రాసి ఉండాలి. అది దాచే ఇల్లొకటి ఆ ఊళ్లోనే ఉండాలి. మన బొగ్గు పట్టీలో మొదటిది పుష్కలంగా ఉంది. రెండోది లేదు.

ఇది గాలిలో కట్టిన మాట కాదనడానికి ఆస్ట్రేలియాలో ఒక ఊరు సాక్ష్యం. పేరు బ్రోకెన్ హిల్. సిడ్నీకి పడమరగా వెయ్యి కిలోమీటర్లు దాటి పోతే ఎర్రమట్టి ఎడారిలో వస్తుంది. 1883లో చార్లెస్ రాస్ప్ అనే గొర్రెల ఫారం కంచె కాపరి అక్కడి గుట్టలో ఖనిజం గుర్తుపట్టాడు. వెండి, సీసం, జింకు బయటపడ్డాయి. 1885లో పుట్టిన కంపెనీ ఇవాళ బీహెచ్‌పీ పేరుతో ప్రపంచంలోనే పెద్ద గనుల సంస్థల్లో ఒకటి. నీళ్లు లేని, నీడ లేని ఆ ఊళ్లో 1904లోనే బొమ్మల గ్యాలరీ వెలిసింది. గనిలో మొదట వాటా పెట్టినవాళ్లలో ఒకడైన జార్జి మెకల్లాక్ ఇచ్చిన మూడు పెయింటింగులతో అది మొదలైంది. 1928లో పుట్టిన ప్రో హార్ట్ కుర్రతనంలో ఆ గనుల్లోనే పనిచేసి, ఆ మనుషులనూ ఆ మట్టినీ గీసి దేశమంతా తెలిసిన చిత్రకారుడయ్యాడు. 1973లో ఆయనతో కలిపి ఐదుగురు స్థానిక చిత్రకారులు జట్టుకట్టి ఊరూరా ప్రదర్శనలు పెట్టారు. 1993లో పలు దేశాల శిల్పులు వచ్చి ఊరి బయటి గుట్ట మీద ఇసుకరాతితో పన్నెండు శిల్పాలు చెక్కారు. యాత్రికులు ఫొటోలు దిగేది అక్కడే. ఒకప్పుడు ముప్పై వేలు దాటిన జనాభా ఇప్పుడు అందులో సగం పైచిలుకు. అయినా అంత దూరం నుంచి బొమ్మలు చూడటానికి మనుషులు పోతూనే ఉన్నారు.

ఇందులో చూడాల్సింది వరుస. గ్యాలరీ 1904, గుట్ట మీద శిల్పాలు 1993. మధ్యలో దాదాపు తొంభై ఏళ్లు. ముందు ఇల్లు కట్టుకున్నారు, ఆ ఇంటి చుట్టూ గీసేవాళ్లు పెరిగారు, చివర్న శిల్పాల గుట్ట వచ్చింది. మనం ఎప్పుడు మొదలుపెట్టినా ఆ చివరి మెట్టు నుంచే. జంక్షన్‌లో తట్ట పట్టుకున్న కార్మికుడి సిమెంటు బొమ్మ, ఫ్లైఓవర్ స్తంభాల మీద రంగులు, 'ఐ లవ్' అని ఊరి పేరు రాసిన ఇనుప అక్షరాలు. కూడలి సుందరీకరణకు మన దగ్గర పైసలు ముందు దొరుకుతాయి. గ్యాలరీ తాళంచెవి పట్టుకుని కూర్చునే మనిషికి జీతం మాత్రం ఎప్పటికీ దొరకదు.

ఇక మన దగ్గర ఏముందో చూద్దాం. భూపాలపల్లి జిల్లా రేగొండ వైపు పాండవుల గుట్టల్లో రాతియుగం నాటి బొమ్మలున్నాయి. 1990లో అవి లోకానికి తెలిశాయి. అడవిదున్న, జింక, పులి, ఎక్కువగా ఎర్రరంగులో. ఆ ఎరుపు చెట్టు నుంచి వచ్చింది కాదు, ఇనుము కలిసిన రాతిని నూరి తీసింది. ఈ నేలలో మొదటి చిత్రకారుడు ముందు ఖనిజం ఏరుకున్నవాడే. గణపురం మండలంలో కాకతీయుల నాటి కోటగుళ్లున్నాయి. అదే మండలంలోని చెల్పూరులో బొగ్గు మండించి కరెంటు తీసే కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. బాయిలకు పెట్టిన పేరు కూడా కాకతీయ ఖనే. రాజుల పేరు బాయికి ఎక్కింది గానీ, బాయి మనిషి పని ఇంకా ఏ ప్రదర్శనశాలకూ ఎక్కలేదు.

దక్షిణానికి వస్తే గంగారం. 2016లో కొత్తగూడ నుంచి విడిపోయి మండలమైన ఏజెన్సీ ఊరు. ఇక్కడ బొగ్గు బాయి లేదు. కానీ ఒక పక్క ఇల్లెందు, ఇంకో పక్క అడవి దాటితే మణుగూరు, పైన భూపాలపల్లి. మూడు దిక్కులా సింగరేణి కంపెనీ బొగ్గు బాయిలే. ఈ అడవిపట్టులోని కోయల దగ్గర పడిగె అనే గుడ్డ ఉంటుంది. పొడవాటి జెండా లాంటి బట్ట మీద రంగురంగుల గుడ్డపేలికలను మనుషులుగా, జంతువులుగా కత్తిరించి వరుసగా కుడతారు. అది ఆ గోత్రం వాళ్ల వేల్పు కథ. కొలుపు నాడు పడిగెను బయటికి తీస్తారు. డోలు కొట్టేవాళ్లు ఆ బొమ్మలను చూస్తూ తరాల కథను పాడతారు. కథ తెలియనివాడికి అది కుట్టుపని, తెలిసినవాడికి చరిత్ర పుస్తకం. ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది ఎక్కడో కొండకోన కాదు, బొగ్గు తీసే మణుగూరు మండలం. గని ఊరు, కళ అన్న రెండు మాటలు మన దగ్గర ఒకే చిరునామాలో ఉన్నాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

బాయి లోపలి కళ ఇంకొకటి. గోదావరిఖని వైపు బాయి పనిచేసిన మనుషులు కథలు రాశారు, పాటలు కట్టారు. సింగరేణిలో పనిచేసిన తుమ్మేటి రఘోత్తమ రెడ్డి తెలుగు కథలో చిన్న పేరు కాదు. ఆ సాహిత్యానికి సరుకు బాయి అడుగునే ఉంది. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లు, టబ్బులు తోసిన ట్రామర్లు, దిమ్మెలు నిలబెట్టిన టింబర్‌మన్లు. పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినే పద్ధతి ఉండేది. గట్టిగా పలికితే రాయి అతుక్కుని ఉన్నట్టు, డొల్లగా పలికితే కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు. ప్రాణాలు ఆ చెవి మీద ఆధారపడేవి. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉంది. తట్టా చెమ్మస్ పని పోయి యంత్రాలొచ్చాయి, భూగర్భ బాయిలు తగ్గి ఓపెన్ కాస్టులు పెరిగాయి. పని పోయినందుకు ఏడవాల్సిన పనిలేదు, అది నడుములు విరిచిన పని. కానీ ఆ పని తెలిసిన తరం రిటైరై ఇళ్లలో కూర్చుంది. వాళ్ల మాట, పాట, పనిముట్టు దాచాలంటే ఉన్న గడువు ఆ తరం ఆయుష్షే.

పాటను గోడకు వేలాడదీయలేం కదా, దానికి ఇల్లెందుకు, బజారులో బతికినన్నాళ్లు బతుకుతుంది అనేవాళ్లున్నారు. బజారుకే వదిలేస్తే ఏమవుతుందో చేర్యాల పటాల కథ చెబుతుంది. అక్కడి చిత్రకారులైన నకాషీలు గంజి, సుద్ద, చింతగింజల పిండి పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేల వేసి, ముప్పై నలభై అడుగుల పటం గీసేవాళ్లు. కులపురాణం చెప్పేవాళ్లు దాన్ని ఒక్కో గడీ విప్పుతూ రాత్రంతా కథ నడిపేవాళ్లు. కథ వినేవాళ్లు తగ్గాక కొనేవాళ్లు మారారు. పటం డ్రాయింగు రూముకు సరిపోయే ఫ్రేముగా చిన్నదైంది. భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కళాకారుడికి కూడు దొరికింది, అది మంచిదే, నేను తప్పుపట్టను. కానీ పొడుగు పటం కొనే స్తోమత ఏ డ్రాయింగు రూముకూ ఉండదు. దాన్ని కొని, విప్పి, చెప్పించి, రికార్డు చేసి పెట్టుకోగలిగేది ఒక ఊరి ప్రదర్శనశాలే. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి ఉలితో ఉబ్బెత్తు బొమ్మ తీసేవాళ్ల సంగతీ అంతే. హైవే మీద కొట్లు ఉన్నాయి కాబట్టి జ్ఞాపికలు అమ్ముడుపోతాయి. ఆ పనివాడు తన ఇష్టం కొద్దీ నెల రోజులు కూర్చుని చేసే రేకును మాత్రం ఎవరు కొంటారు?

మేడారంలో ఆదివాసీ మ్యూజియం ఉంది కదా అనొచ్చు. ఉంది, ఉండాల్సిందే. కానీ అది వేల్పుల చెంత ఉన్న ఇల్లు. బొగ్గు వచ్చాక ఈ అడవికీ, ఈ ఊళ్లకూ, వలస వచ్చిన కార్మికుడికీ ఏమైందన్నది అక్కడి కథ కాదు. ఇక పైసల మాట. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యతకు లాభంలో రెండు శాతం తీయాలి. ఏ పనులకు వాడొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో వారసత్వ సంపద రక్షణ, కళలు, గ్రంథాలయాలు, సంప్రదాయ హస్తకళలు పేరుపెట్టి ఉన్నాయి. తాగునీళ్లు, దవాఖానలు పక్కనపెట్టి బొమ్మలకు ఖర్చుపెట్టమని ఎవరూ అడగట్లేదు. రోడ్డు మధ్యలో విగ్రహాలకు పెట్టేదాంట్లో కొంత చాలు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఓపెన్ కాస్టు కింద ఊళ్లు పోయినవాళ్లు, పేలుళ్లకు గోడలు బీటలిచ్చినవాళ్లు అడిగే ప్రశ్న అది. మా బతుకు తవ్వి, దాని మీద మ్యూజియం కడతారా, కంపెనీ మసి కడుక్కోవడానికి మేం రంగులమా అని. ఈ ప్రశ్నను పక్కకు నెట్టి కట్టిన ఏ ఇల్లూ నిలవదు. అందుకే ఆ ఇల్లు కంపెనీ చేతిలో ఉండకూడదు. బ్రోకెన్ హిల్ గ్యాలరీని నడిపేది నగర పాలక మండలి. అక్కడే గని కుప్ప మీద 2001లో తెరిచిన స్మారకంలో ఎనిమిది వందలకు పైగా చనిపోయిన కార్మికుల పేర్లు ఉన్నాయి. ఎలా చనిపోయారో కూడా రాసి ఉంది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. మన బొమ్మల ఇంట్లో ఆ పేర్లు ఉండాలి, సమ్మెల కరపత్రాలు ఉండాలి, ఓపెన్ కాస్టుల కింద పోయిన ఊళ్ల పటాలు ఉండాలి. పాండవుల గుట్ట బొమ్మ పక్కన పడిగె, పడిగె పక్కన క్యాప్ ల్యాంపు. ఇవి చూపించడానికి జంకే కంపెనీ పైసలిచ్చినా వద్దనాలి.

ఇంత దూరం ఎవరొస్తారని చివరగా అడుగుతారు. వరంగల్ నుంచి భూపాలపల్లికి బస్సులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం బువ్వ వేళకు ముందే దిగొచ్చు. కొంచెం చుట్టు తిరిగి పోతే రామప్ప, కోటగుళ్లు కూడా చూడొచ్చు. మూతపడ్డ బాయి ఆఫీసు గదో, ఖాళీగా ఉన్న పాత క్వార్టరో మొదలుపెట్టడానికి చాలు. ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం చేస్తారు. జెండాలు, స్టాళ్లు, సన్మానాలు ఉంటాయి. ఈసారి ఆ రోజుకు భూపాలపల్లి మున్సిపాలిటీ, కార్మిక సంఘాలు కలిసి ఒక గది తాళం తీయించాలి. ఇది చదివే బాయి కుటుంబాల వాళ్లకు ఒక మనవి: నాన్న క్యాప్ ల్యాంపు, పాత టోకెన్ బిళ్ల, పాటలు రాసుకున్న నోటుబుక్కు ఇంట్లో ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. ఎవరివో, ఏ బాయివో, ఏ ఏటివో చీటీ రాసి కట్టి ఉంచండి.