టీ అంటే తాగేదా, తినేదా?

యార్క్‌షైర్‌లో సాయంత్రం అయిదున్నరకు ఓ తల్లి "టీకి రండి" అని పిల్లల్ని కేకేసిందంటే, బల్ల మీద ఎదురుచూసేది కప్పులూ సాసర్లూ కాదు. వేయించిన చేప, బంగాళాదుంపలు, ఉడికిన బఠాణీ. ఇంగ్లండు ఉత్తరాన శ్రామిక కుటుంబాల వాడుకలో టీ అంటే సాయంకాలపు భోజనం. మధ్యాహ్నం తిన్నది వాళ్లకు డిన్నర్. దక్షిణాది సంపన్నుల ఇంట్లోనో, టీ అంటే నాలుగు గంటలకు సన్నని శాండ్‌విచ్‌లు, స్కోన్లు. అసలు భోజనం ఆనక ఎప్పుడో. "టీలోకి ఏముంది?" అని అడిగితే చాలు, అడిగినవాళ్ల ఊరూ తరగతీ రెండూ బయటపడతాయి.

మన దగ్గర ఈ మాట ఎవరి కడుపూ నింపదు. "టీ తాగుదాం పద" అంటే పని పక్కన పెట్టి కాసేపు మాట్లాడుకుందామని. "టీ ఖర్చులకైనా చూడండి" అని గుమాస్తా నసిగితే, సంగతి ఆయన దాహం గురించి కాదని అందరికీ తెలుసు. వాళ్ల టీ పళ్లెంలోకి ఒదిగింది, మన టీ తీరికలోకీ జేబులోకీ పాకింది.

మనవాళ్ల ఆనవాలూ ఈ మాట పట్టిస్తుంది. కాకపోతే అది చెప్పేది తరగతి కాదు, వచ్చిన దారి. చైనా ఆగ్నేయ తీరపు మిన్ భాషలోని 'తే' డచ్చి ఓడలెక్కి ఐరోపా చేరి, ఇంగ్లీషువాళ్లతో మనకు టీగా వచ్చింది. చైనాలోనే దాని మరో పేరైన 'చా' నేల దారిన పారశీకం మీదుగా చాయ్ అయింది. అందుకే హైదరాబాదు ఇరానీ హోటల్లో చాయ్, బెజవాడ బడ్డీకొట్టులో టీ.

రుచి దగ్గర మాత్రం రెండు దేశాలూ చిత్రంగా కలుస్తాయి. 1946లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ మంచి టీకి పదకొండు నియమాలు రాస్తూ చక్కెర వద్దన్నాడు. అక్కడి కూలీలు ఆ మాట వినలేదు. ముదురు డికాషన్‌లో పాలు పోసి, చక్కెర దండిగా కలిపిన దాన్ని 'బిల్డర్స్ టీ' అంటారు. మన తాపీమేస్త్రి చేతిలోని గాజుగ్లాసుకు అది దగ్గరి చుట్టమే.

ఈ తేడాలు తెలియకుండా అనువాదానికి కూర్చుంటేనే చిక్కు. 'నాట్ మై కప్ ఆఫ్ టీ' అన్న ఇంగ్లీషు నుడిని 'నా కప్పు టీ కాదు' అని మక్కికి మక్కి దించేవారికి 'నాకు పడదు' అనే తేలికైన తెలుగు ఎందుకు తట్టదో! అంతకన్నా పెద్ద పొరపాటు ఇంగ్లండు ఉత్తరాది నవలల్లో జరుగుతుంది. "టీకి రా" అన్న తల్లి చేత "టీ తాగుదువుగాని రా" అనిపిస్తే, గని నుంచి అలసివచ్చిన ఆ కొడుకు తెలుగులో ఆ రాత్రి పస్తే.