ఒకే బైబిలు, రెండు ఊళ్లు

మేరీ రోలండ్సన్ రాసిన బందీ కథనం 1682లో అచ్చయింది. కష్టకాలంలో విశ్వాసం మనిషిని ఎలా నిలబెడుతుందో చెప్పిన పుస్తకమని దాన్ని కొందరు మెచ్చుకుంటారు. ప్యూరిటన్ సమాజంలో ఒక స్త్రీ గొంతు గట్టిగా వినిపించిన పుస్తకమని మరికొందరు అంటారు. రెండూ అబద్ధం కాదు. గానీ యీ మెప్పుల్లో ఒక మనిషి కనిపించడు. ఆ పుస్తకానికి అచ్చు అక్షరాలు పేర్చిన మనిషి. మేము అతని పక్కన నిలబడి దీన్ని చదవాలనుకుంటున్నాం.

ముందు ప్యూరిటన్లకు యివ్వాల్సింది యిచ్చేద్దాం. ఇంగ్లండు చర్చిలో బిషప్పుల పెత్తనం గిట్టక 1630లో మసాచుసెట్స్ తీరానికి తరలివచ్చిన జనం వాళ్లు. ఎవరికి వాళ్లే బైబిలు చదువుకోవాలన్నారు. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతుల్ని పెట్టుకోవాలని 1647లో చట్టం చేశారు. అక్షరం మొదటిసారి మా తరంలోనే గడప తొక్కిన యిళ్ల నుంచి వచ్చిన మాకు యిది చిన్న విషయం కాదు. అయితే ఆ విశ్వాసం ఒక ఒడంబడిక మీద నిలబడింది. తాము దేవుడు ఏరుకున్న జనం. పంట పోయినా, బిడ్డ పోయినా అది దేవుడు తమతో మాట్లాడుతున్న మాటే. ఏరుకున్న వాళ్లుంటే ఏరుకోని వాళ్లూ వుండాల గదా! అక్కడే వుంది మెలిక.

1675లో మెటాకమ్ నాయకత్వంలో మూలవాసులు ఇంగ్లీషు వలసల మీద యుద్ధానికి దిగారు. 1676 ఫిబ్రవరిలో లాంకాస్టర్ ఊరి మీద పడి, పాస్టరు భార్య రోలండ్సన్‌ను పిల్లలతో సహా పట్టుకుపోయారు. గాయపడిన ఆరేళ్ల కూతురు శారా దారిలోనే చనిపోయింది. పదకొండు వారాల పైన ఆమె వాళ్ల వెంట తిరిగింది. అడుగడుగునా ఒక వాక్యం తలుచుకుంది. ఆ పట్టు లేకపోతే ఆమె బతికి బయటపడేది కాదేమో. దాన్ని మేము తక్కువ చేయం.

కానీ ఆమె చూపు ఎట్లా పనిచేసిందో చూడండి. ఆమె చేతికి బైబిలు అందించింది ఒక మూలవాసి. బిడ్డను పాతిపెట్టిన చోటు చూపించిందీ వాళ్లే. మెటాకమ్ కొడుకుకి చొక్కా కుడితే ఆమెకు షిల్లింగు కూలీ ముట్టింది. యివన్నీ ఆమే దాచకుండా రాసింది. ఆ మేలంతా మాత్రం దేవుడి ఖాతాలో వేసింది. ముసలాళ్లనూ పసిపిల్లలనూ వెంటబెట్టుకుని ఆ జనం ఏరు దాటితే, వెంటబడిన ఇంగ్లీషు సైన్యం ఒడ్డునే ఆగిపోయింది. ఆకలితో వున్న జనం తెగువ అది. ఆమె లెక్క వేరు: మన పాపాలకు మనల్ని దండించడానికే దేవుడు వీళ్లను కాపాడుతున్నాడు! మేలు చేసినా, కీడు చేసినా మూలవాసి దేవుడి చేతిలో పనిముట్టే. మనిషి మాత్రం కాడు.

మరి అదే దేవుణ్ణి నమ్మిన మూలవాసుల సంగతేంటి? జాన్ ఎలియట్ అనే పాస్టరు వాళ్ల భాషలోకి బైబిలు తెచ్చాడు. 1663లో మొత్తం బైబిలు అచ్చయింది. దాని అక్షరాలు పేర్చిన వాళ్లలో నిప్మక్ తెగ యువకుడు జేమ్స్ ప్రింటర్ ఒకడు. 1674 నాటికి పద్నాలుగు ‘ప్రార్థనా గ్రామాలు’ వెలిశాయి. అక్కడివాళ్లు జుట్టు, బట్ట, యిల్లు, కట్టుబాటు అన్నీ మార్చుకున్నారు. అయినా ఊళ్లు వేరే. యుద్ధం రాగానే ఆ వేరే ఏమిటో తేలిపోయింది. 1675 ఆగస్టులో లాంకాస్టర్ హత్యల నేరం మోపి జేమ్స్‌నీ మరికొందరినీ పట్టుకున్నారు. విచారణలో అతను నిర్దోషిగా తేలాడు. అక్టోబరులో నేటిక్ విశ్వాసులను బోస్టన్ రేవులోని డీర్ దీవికి తోలేశారు. ఆ చలికాలం ఆకలితో, చలితో చాలామంది చచ్చిపోయారు.

రోలండ్సన్ విడుదల కబురు మోసుకొచ్చిన టామ్, పీటర్ కూడా విశ్వాసులే. టామ్‌ను ఆ దీవి నుంచే తెచ్చారు. వాళ్లు మూలవాసులైనా సరే, చేతులు పట్టుకుని ఏడ్చేశానని ఆమె రాసింది. పుస్తకంలో మాకు నచ్చిన చోటు అదే. ఆ వెంటనే మాత్రం ప్రార్థనా మూలవాసుల ద్రోహాల చిట్టా విప్పుతుంది. మూలవాసుల తరఫున విడుదల గురించి ఉత్తరం రాసిందీ ఒక ప్రార్థనా మూలవాసే అంటుంది, పేరు చెప్పదు. అతను జేమ్స్ ప్రింటరే అని చరిత్రకారులు అంటారు. 1682లో కేంబ్రిడ్జి ప్రెస్సులో ఆమె పుస్తకానికి అక్షరాలు పేర్చిందీ అతనే. తన వాళ్లను తిట్టిన మాటల్ని ఒక్కో అక్షరంగా పేర్చాడన్నమాట.

దీన్ని కులం అనలేం. అక్కడ గొడవకు మూలం భూమి. ఊరికీ వాడకీ దూరం తెలిసిన మనకు ఒక్క సంగతి మాత్రం వెంటనే అర్థమవుతుంది: పుస్తకం పంచుకున్నంత మాత్రాన ఊరు పంచుకున్నట్టు కాదు. అక్షరం చేతికొచ్చినా అర్థం చెప్పే హక్కు దానంతటది రాదు. అట్లాగని ఆ అక్షరం వృథా కాలేదు. 1993లో జెస్సీ లిటిల్ డో బేర్డ్ వాంపనోగ్ భాషను తిరిగి నోటికి తెచ్చే పని మొదలుపెట్టింది. ఆమెకు అక్కరకొచ్చిన ఆధారాల్లో ముఖ్యమైంది జేమ్స్ చెయ్యి పడిన ఆ బైబిలే. రోలండ్సన్‌ను చదివేవాళ్లు ఆ చేతిని కూడా చదవాల.