కొరికి చూసే తేమ, కొలిచి చూసే తేమ

మిర్యాలగూడలో చెయ్యి తిరిగిన మిల్లు ఆపరేటర్ వడ్ల గింజను పంటి కింద వేసి టక్కున కొరుకుతాడు. అది విరిగే తీరును బట్టి ఇంకా ఆరాలో, మర ఆడించొచ్చో చెప్పేస్తాడు. ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేసినవాడు అదే గింజను తేమ మీటరులో పెట్టి, 14 శాతం దగ్గర ఆడించమంటాడు. ఇద్దరిదీ ఒకే తీర్పయితే ఆ రెండేళ్ల చదువెందుకు?

యాసంగి వడ్లు రాగానే తెలుస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు యాసంగి వరి ఎండలు ముదిరాక కోతకొస్తుంది. గింజ గబగబా ఆరి లోపల సన్నని పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి. అందుకే మిల్లర్లు ఉప్పుడు బియ్యం వైపు మొగ్గుతారు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే పిండిపదార్థం జిగురై పగుళ్లను అతికిస్తుంది, పై పొరల్లోని బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలుపై కేంద్రానికీ తెలంగాణ రాష్ట్రానికీ నడిచిన రగడకు మూలం కంటికి ఆనని ఈ పగుళ్లే.

ఎందుకు విరుగుతుందో తెలిస్తేనే విరగకుండా ఏం చేయాలో తోస్తుంది.

ఉప్పుడు బియ్యానికి వెనకటి పద్ధతిలో వడ్లు చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానేవి. నీళ్లు పులిసి, అన్నానికి వాసన పట్టేది. 1950లో మొదలైన మైసూరు ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ దాదాపు 70 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టే విధానాన్ని తీర్చిదిద్దింది. పని కొన్ని గంటల్లో తెమిలింది, వాసనా పోయింది. ఈ ప్రాంతపు పిల్లలు ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ కోసం ఆశపడే చోట్లలో ఆ సంస్థ ఒకటి. తంజావూరులోని ఆహార సాంకేతిక విద్యాసంస్థ నిఫ్టెమ్ సంగతీ అంతే, దాని పుట్టుకే వడ్ల శుద్ధి పరిశోధన కేంద్రంగా.

రేషన్ బియ్యంలో 100 కిలోలకు ఒక కిలో బలవర్ధక గింజలు కలిపే పద్ధతి వచ్చింది. ఇనుము, బి12తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఆ గింజల్లో ఉంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన విటమిన్ అది. ఆ ఒక్క కిలో ప్రతి బస్తాలో సమంగా కలిసిందా అన్నది పంటికి తెలియదు, పరీక్షతోనే తేలాలి.

సూర్యాపేటలో మరో బడి ఉంది: హైదరాబాద్-విజయవాడ రహదారి హోటళ్లు. పొద్దున వండిన కూర మధ్యాహ్నం బస్సు ఆగేదాకా ఎంత వేడిలో ఉండాలన్నది సూక్ష్మజీవశాస్త్రం పేపరు. అలాంటి హోటళ్లను తనిఖీ చేసే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ అర్హతల్లో ఒకటి.

అమెరికాలో కార్నెల్ లాంటి చోట పరిశ్రమ కోసమే మలిచిన ఏడాది ప్రొఫెషనల్ మాస్టర్స్ ఉంది. ఇక్కడైనా అక్కడైనా, అడ్మిషన్‌కు ముందు ఫీజు సంగతితో పాటు ప్లాంటులో ఎన్నాళ్లు పని చేయిస్తారో కూడా అడగాలి. మిర్యాలగూడ విద్యార్థికైతే ప్రాజెక్టుకు అంశం ఊళ్లోనే సిద్ధంగా ఉంది: వచ్చే యాసంగిలో డ్రయ్యర్ వేడిని ఎంతకు తగ్గిస్తే ఎన్ని నూకలు తగ్గుతాయి?