పాదాలు కనపడని ఆంజనేయుడు

విమర్శ రాయమంటే అందరూ పుస్తకాల మీదే రాస్తారు. పుస్తకం చదివి ఓ వారానికి అవతల పెట్టేస్తాం. ఇంట్లో దీపం మాత్రం ప్రతి సాయంత్రం వెలగాల్సిందే. దాని బాగోగులు మాత్రం ఎవరూ విచారించరెందుకో! అందుకని ఈ వారం నేనో దీపాన్ని సమీక్షించబోతున్నాను. ముఖస్తుతి లేకుండా గుణదోషాలు రెండూ చెబుతాను.

సంగతేమిటంటే, కిందటేడు మా ఆడపడుచు కూతురి పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి తిరుపతి నుంచి ధర్మవరం వెళ్ళాం. పాకాల, కదిరి మీదుగా పోయే రైలు దారి అది. చీరలు కొన్నాక, ఇంత దూరం వచ్చాం కదా అని అదే మండలంలో ఉన్న నిమ్మలకుంటకు వెళ్ళాం. అది ముందు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా ఏదైనా అది తోలుబొమ్మల ఊరే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడి బొమ్మలాట కుటుంబాల వాళ్ళు ఇళ్ళల్లో మరాఠీకి దగ్గరైన ఆరె భాష మాట్లాడుకుంటారు. బొమ్మల చేత మాత్రం తెలుగులో రామాయణం పలికిస్తారు.

ఓ ఇంటి ముందు ఒకావిడ కూర్చుని తోలు మీద రంగు వేస్తోంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెడితే కాగితంలా పలచబడి వెలుతురుకు దారి ఇస్తుంది. దాని మీద బొమ్మ గీసి, నగలున్న చోటల్లా ఉలితో సన్నటి చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. దీపం వెనక పెడితే ఆ చిల్లులే వజ్రాల్లా మెరుస్తాయి. ఇప్పుడు అదే తోలును ఇనుప తీగల చట్రాల మీద సాగదీసి కుట్టి లాంపు షేడ్లు చేస్తున్నారు.

"ఆట మానేసి దీపాలు చేస్తున్నారా?" అన్నాను. నా గొంతులో కాస్త నిష్ఠూరం ధ్వనించిందేమో, ఆవిడ కుంచె ఆపింది.

"ఆటకు పిలిచేవాళ్ళు లేరక్కా. దీపమైతే కొంటారు. పిల్లోళ్ళు చదువుకోవల్ల గదా!"

నాకు సిగ్గేసింది. పాల్కురికి సోమనాథుడి కాలం నాటికే ఉన్న కళ దుకాణానికి ఎక్కిందే అని వాపోయే వాళ్ళం, మన ఊరి జాతరలో రాత్రంతా ఆట పెట్టించి ఎన్నేళ్ళయింది? నిష్ఠూరం ఆడే హక్కు టికెట్టు కొన్నవాడికే ఉంటుంది. మారు మాట్లాడకుండా రెండడుగుల ఎత్తున్న ఆంజనేయుడి దీపం ఒకటి కొన్నాను.

ముందు గుణం చెబుతాను. అంతకుముందు మా హాల్లో ఉన్నది కాళహస్తి కలంకారి గుడ్డతో చేసిన షేడు. మన పక్క ఊరి పనితనం, వంక పెట్టడానికి మనసొప్పదు. కానీ కలంకారి అన్నది గుడి గోడకు తెరగా వేలాడదీయడానికి పుట్టింది. వెలుతురు ఎదురుగా వచ్చి పడాలి, భక్తుడు ఎదురుగా నిలబడి చూడాలి. బెల్లమూ, తుప్పు పట్టిన ఇనుమూ ఊరబెట్టిన కసిమితో గీసిన ఆ నల్లటి గీతా, కరక్కాయా, చెవలికొడీ వేరూ ఇచ్చే రంగులూ పగటి వెలుగులో మాట్లాడతాయి. వెనక బల్బు పెడితే రంగులు ముద్దగా ముడుచుకుపోయి గీతలు మాత్రం మిగులుతాయి. తోలుబొమ్మ అలా కాదు. పగలు చూస్తే ఎండిన అప్పడంలా ఉంటుంది, దీపం పెట్టగానే లేచి కూర్చుంటుంది. వెనక వెలుతురు కోసమే పుట్టిన బొమ్మ అది. కాబట్టి తోలుబొమ్మను దీపం చెయ్యడం అపచారం కానే కాదు. ఆముదం దీపాల ముందు ఆడిన బొమ్మ ఎలక్ట్రిక్ బల్బు ముందుకు వచ్చింది, అంతే.

ఇక దోషం. దాన్ని కనిపెట్టింది నేను కాదు, మా అత్తగారు.

ఆవిడది పలమనేరు దగ్గర పల్లె. చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూస్తూ తెల్లవార్లూ మేలుకున్న మనిషి. కళ్ళకు శుక్లాలు తీయించాక అన్నీ పట్టి పట్టి చూస్తున్నారు. దీపం వెలిగించగానే లేచి దగ్గరకొచ్చి, కింది నుంచి పైకి చూసి, "బాగుండాడు ఆంజనేయులు. పాదాలేవి అమ్మాయ్? దండం యాడ పెట్టుకొనేది?" అన్నారు.

చూద్దును కదా, నిజమే. మోకాళ్ళ నుంచి కింద చీకటి. తోక కొస దగ్గర మాత్రం కళ్ళు జిగేల్మనేంత వెలుతురు!

కారణం చాలా చిన్నది. షేడు అడుగున ఓ రేకు పట్టీ, దాని మీద బిగించిన హోల్డరు, అందులో నిటారుగా బల్బు. పాత గాజు బల్బయితే అన్ని వైపులా వెలుగు చిమ్మేది. కాకపోతే అది తినే కరెంటులో నూటికి తొంభై పాళ్ళకు పైగా వేడిగానే పోయేది, ఆ వేడికి దగ్గరున్న తోలు పెళుసెక్కి ముడుచుకునేది. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఇంటింటా ఎల్‌ఇడి బల్బులయ్యాయి. వేడి తగ్గింది, తోలుకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ బల్బుకు కింది సగం తెల్లటి ప్లాస్టిక్కు మొద్దు, పై సగమే వెలుగు. హోల్డరు ఎత్తు ఒకటి, ఈ మొద్దు ఎత్తు ఒకటి, రెండూ కలిసి ఆంజనేయుడి పాదాలు మింగేశాయి. వేల రూపాయల పనితనాన్ని పదిహేను రూపాయల హోల్డరు పాడు చేసింది!

నేను అనేదేమిటంటే, దీపానికి బొమ్మ ఎంత ముఖ్యమో దాన్ని బల్బుకు పట్టి ఉంచే పట్టు కూడా అంతే ముఖ్యం. ధర్మవరంలో చీర పట్టును వేలితో రుద్ది రుద్ది చూసిన నేను ఈ పట్టును చూడలేదు. బొమ్మలాటలో ఈ సంగతి అందరికీ తెలుసు. తోలు ఎంత అందంగా ఉన్నా, నడుమ నిలువునా చీల్చిన కర్ర బద్దలో బిగించందే బొమ్మ నిలవదు. చేతులకు వేరే పుల్లలు, భుజానికీ మోచేతికీ కీళ్ళు. తెర వెనక నిలబడి కాళ్ళ కింద చెక్కలు తొక్కుతూ, బొమ్మను తెరకు ఆనించి, వెనక్కు లాగి, వెలుతురును బట్టి జరిపేది మనిషి చెయ్యి. బొమ్మ దుకాణానికి వచ్చినప్పుడు తోలు వచ్చింది, రంగు వచ్చింది. చెయ్యి మాత్రం నిమ్మలకుంటలోనే ఉండిపోయింది. దాని బదులు మనం ఇచ్చింది, కదలని మెదలని ఓ రేకు పట్టీ.

ఇది మన దేశపు కష్టమే కాదు. డెన్మార్క్‌లో పాల్ హెన్నింగ్‌సెన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన తల్లి ఆగ్నెస్ నవలా రచయిత్రి, అంచేత నాకు కాస్త అభిమానం. కిరసనాయిలు దీపాల మెత్తటి వెలుతురులో పెరిగిన ఆయన, కరెంటు బల్బు కళ్ళల్లో పొడవడం సహించలేక 1920లలో ఒకదాని మీద ఒకటి మూడు షేడ్లు పేర్చిన దీపం తయారు చేశాడు. బల్బులో వెలుగు పుట్టే చోటు నుంచి లెక్క కట్టుకుని షేడు వంపులు గీశాడు. ఈనాటికీ ఆ దీపాలు అమ్ముడుపోతున్నాయి. ఆయన చేసిందల్లా ముందు బల్బు ఎక్కడుందో చూసి, తరవాత షేడు గియ్యడం. మనం షేడు గీసి, కుట్టి, రంగులు వేసి, ఆఖర్న బల్బు ఎక్కడ దూర్చాలా అని వెతుక్కుంటున్నాం.

మర్నాడు గాంధీ రోడ్డులో ఓ ఎలక్ట్రికల్ షాపుకు వెళ్ళాను. బల్బును రెండు తీగ రెక్కలతో కరిచి పట్టుకుని, షేడును అటూ ఇటూ వంచుకోనిచ్చే క్లిప్పులు పై దేశాల్లో మామూలు. అలాంటిదేమైనా ఉందా అని అడిగాను.

"లేదు మా. దాన్ని ఎవురడగతారు? మన షేడ్లన్నీ హోల్డరు రింగులో బిగించేటివే గదా" అన్నాడు షాపు పెద్దాయన. నిజమే, మన రెండు పిన్నుల హోల్డరుకు కింద మర రింగు ఉంటుంది, షేడు మెడ అందులో దూర్చి తిప్పితే చచ్చినా జరగదు. నేను బొమ్మ కష్టం చెప్పాను. ఆయన నవ్వలేదు. చిత్తుకాగితం మీద గీత గీసి, లోపలికి వెళ్ళి సన్నటి ఇనుప చువ్వ, రెక్కల నట్టు, పాత టేబుల్ లాంపు తాలూకు కీలు ఒకటి తెచ్చాడు. చువ్వను చట్రానికి నిలువునా బిగించాడు. నట్టు వదులు చేస్తే హోల్డరు పైకీ కిందికీ జరుగుతుంది. కీలు వంచితే బల్బు పైకి చూస్తుంది, లేదా కిందికి చూస్తుంది. మొత్తం నూట నలభై రూపాయలు.

"స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకినాకనే చెయ్యి పెట్టల్ల మా" అని రెండుసార్లు హెచ్చరించి పంపాడు.

ఆ రాత్రి బల్బును తలకిందులుగా వంచి వెలిగించాం. ఆంజనేయుడి కిరీటం చీకట్లోకి వెళ్ళింది. పాదాలు, గజ్జెలు, కింద రాతి మీద పూసిన చిన్న పువ్వు కూడా వెలిగాయి. ఆ పువ్వు ఉన్నట్టు అంతవరకూ నాకు తెలియదు. గీసినావిడకు తెలుసు. అత్తగారు తృప్తిగా దండం పెట్టుకున్నారు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మా చిన్నవాడికి తోక కావాలి. తోక పైన ఉంది. కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో దీపాలు పెట్టే వేళకు రోజూ ఓ తగువు. బామ్మకు పాదాలు, మనవడికి తోక, మా వారికి పేపరు మీద వెలుతురు. ప్లగ్గు పీకడం, కీలు వంచడం, నట్టు తిప్పడం. ఓ రోజు అత్తగారు ఆ తతంగం చూస్తూ, "ఇప్పుడు కదలతా ఉండాడు అమ్మాయ్, ముందు కదల్లా" అన్నారు. ఇంత రాసిన నేను ఆ ఒక్క మాట అనలేకపోయాను.

ఇంకొక్క లోటు కూడా చెప్పి ముగిస్తాను. నేను చూసిన షేడ్లలో రాములవారున్నారు, కృష్ణుడున్నాడు, నెమళ్ళూ ఏనుగులూ ఉన్నాయి. బంగారక్క లేదు. కేతిగాడినీ జుట్టుపోలిగాడినీ నోటితోనే చితకబాది, నిద్రపోయే జనాన్ని లేపి కూర్చోబెట్టిన బంగారక్కకు మన డ్రాయింగు రూముల్లో చోటు దొరకలేదు. మర్యాదస్తుల ఇళ్ళు కదా! ఈసారి ధర్మవరం వెళితే అడిగి మరీ చేయించుకుంటాను.

సమీక్ష ఆనవాయితీ ప్రకారం నా అభిప్రాయం ఇది. బొమ్మకు వంక లేదు, రంగుకు వంక లేదు, వెల న్యాయమైనది. పట్టు మాత్రం ఇంకా కుదరలేదు. అది కుదర్చడం ఆ కుంచె పట్టిన ఆవిడ ఒక్కదాని పని కాదు, గాంధీ రోడ్డులో ఆ పెద్దాయనలాంటి వాళ్ళు కూడా ఆవిడ పక్కన కూర్చోవాలి. అంతదాకా, కొనేవాళ్ళు దుకాణంలో దీపం వెలిగించి చూపించమని అడగండి. వెలిగాక ముందు పాదాలు చూడండి.